న్యాయాధిపతి థామస్ గూడ్ జోన్స్

పఠనము: నిర్గమకాండము 23:1–9

థామస్ గూడ్ జోన్స్ 1844లో అమెరికాలోని జార్జియా రాష్ట్రములో, మేకన్ పట్టణమున జన్మించెను. అంతర్యుద్ధములో ఆయన బానిసత్వమును నిలుపగోరిన దక్షిణ రాష్ట్రముల పక్షమున యుద్ధము చేసెను. 1890 నుండి 1894 వరకు అలబామా గవర్నరుగా నుండెను. ఖైదీలను గనులకు కూలికిచ్చు దురాచారము ఆయన పాలనలో కూడ ఆగలేదు. ఇట్టివాడు బీద నల్లవారికి న్యాయము తీర్చునని ఎవరనుకొందురు?

అయినను 1901లో రాష్ట్ర రాజ్యాంగము వ్రాయు సభలో, అల్లరి మూకకు ఖైదీని విడిచిపెట్టిన షెరీఫును పదవినుండి తొలగించు నిబంధన కొరకు ఆయన పోరాడెను. ఆ యేడే, బానిసగా పుట్టి టస్కీగీ పాఠశాలకు అధిపతియైన బుకర్ టి. వాషింగ్టన్ సలహాపై, ప్రెసిడెంటు రూజ్వెల్టు ఆయనను ఫెడరల్ జడ్జిగా నియమించెను. జోన్స్ ఎదుటి పార్టీవాడు!

1903లో ఒక ఘోరము ఆయన కోర్టుకు వచ్చెను. అల్ప నేరములు మోపి నల్లవారికి జరిమానా వేయుదురు. భూస్వామి ఆ సొమ్ము చెల్లించి, వారిచేత కాగితముపై గుర్తు వేయించుకొని తన పొలమునకు తీసికొనిపోవును. తరువాత తాళములు, కొరడాలు. గడువు తీరునప్పటికి మరియొక అప్పు. మన పెద్దలు వెట్టియనునది ఇదియే. 1867 నాటి చట్టము దీనిని నిషేధించెను గాని దానిని అడిగినవారు అరుదు. జాన్ పేస్ అను భూస్వామి నేరమొప్పుకొనగా, జోన్స్ అయిదేండ్ల శిక్ష విధించెను. ఫ్లెచర్ టర్నర్ అను వాని విచారణలో మాత్రము జ్యూరీవారు ఏకాభిప్రాయమునకు రాలేదు. జోన్స్ వారిని నిండు కోర్టులో గద్దించెను. వారు ఆయన ఇరుగుపొరుగువారే, ఆయన జాతివారే. సమూహముతోకూడి న్యాయము తప్పవద్దను రెండవ వచనము చదువునప్పుడు నాకు ఆ కోర్టు జ్ఞాపకము వచ్చును.

పేస్ చెరసాలకు పోలేదు. 1906లో ప్రెసిడెంటు అతనిని క్షమించెను.

1904లో హంట్స్‌విల్లులో ఒక మూక జైలుకు నిప్పుపెట్టి నల్లవాడైన ఖైదీని ఉరితీయగా, అట్టివారిని ఫెడరల్ కోర్టు విచారింపవచ్చునని జోన్స్ తీర్పు చెప్పెను. అయితే 1906లో సుప్రీంకోర్టు వేరొక కేసులో భిన్నముగా పలుకగా, 1907లో ఆయన ఇష్టము లేకయే దానికి లోబడవలసివచ్చెను.

కాని పని ఆపలేదు. అడ్వాన్సు తీసికొని పని మానిన కూలివానిని నేరస్థునిగా ఎంచు అలబామా చట్టముపై అలాంజో బెయిలీ అను కూలివాడు చేసిన పోరాటమునకు, వాషింగ్టన్‌తో కలిసి ఆయన చాటున సహాయపడెను. 1911లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. జోన్స్ 1914లో మోంట్‌గోమరీ పట్టణమున, ఇంకను జడ్జిగా నుండగానే, మరణించెను.