విద్యను పంచిన విదుషి – పండిత రమాబాయి

జ్ఞాపకశక్తి దేవుడనుగ్రహించు వరములలో ఒకటి. దాని విలువ మనలో అనేకులకు పరీక్షల కాలమందే గుర్తుకు వచ్చును! పండిత రమాబాయికి ఆ వరము సమృద్ధిగా లభించెను. అది మొదట ఆమెకు అన్నము పెట్టెను, పిదప బిరుదులు తెచ్చెను. తుదకు అక్షరము ముఖమెరుగని స్త్రీల సొత్తాయెను.

ఆమె 1858 ఏప్రిల్ 23వ తేదీన పశ్చిమ కనుమలలోని గంగమూల అరణ్యమందు జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదని పెద్దలు శాసించుచున్న ఆ దినములలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి దానిని నేర్పి, పండితుల ఆక్షేపణకు గురియయ్యెను. ఆ తల్లియే రమాబాయికి గురువు. కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వినిపించి, భక్తులిచ్చిన దానితో జీవించుచుండెను. ఇంటిపనులు మొదలు కాకముందే, తెల్లవారుజామున తల్లి కుమార్తెను లేపి పాఠము చెప్పెడిది. బడి గడప తొక్కకయే ఆ బాలిక వేలకొలది శ్లోకములను కంఠస్థము చేసెను.

ఆ కుటుంబ చరిత్రలో మన తెలుగు నేలకును ఒక దుఃఖకరమైన స్థానము కలదు. కరవు కాలమున ఉన్నదంతయు అమ్ముకొని వారు తిరుపతి చేరిరి. చివరి గింజయు అయిపోగా, అయినవారి యెదుట చేయి చాచుటకు సిగ్గుపడి, చనిపోవలెనను తలంపుతో ఆ కొండ అడవిలో ప్రవేశించిరి. పదకొండు దినములు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లు – ఇవియే వారి ఆహారము. శాస్త్రములన్నియు ఎరిగిన ఆ తండ్రి అప్పటికి చూపు కోల్పోయి, బలహీనుడై యుండెను. 1874లో ఆయనయు, కొంతకాలమునకే తల్లియు మరణించిరి. తరువాత అక్కయు కన్నుమూసెను. మిగిలిన అన్నాచెల్లెండ్రు దేశమంతట కాలినడకన తిరిగి, 1878లో కలకత్తా చేరిరి.

అచ్చటి పండితులు ఇరువది యేండ్ల ఆ యువతిని పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత అనియు సరస్వతి అనియు బిరుదములిచ్చిరి. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని కులాంతర వివాహము చేసికొనెను. భర్త గ్రంథాలయములో దొరికిన బెంగాలీ లూకా సువార్త ఆమెను ఆకర్షించెను. 1882లో కలరా సోకి భర్త మరణించగా, ఒడిలో పసిబిడ్డ మనోరమతో, ఇరువదిమూడవ యేట ఆమె విధవరాలాయెను.

1883లో వైద్యవిద్య నభ్యసింపగోరి ఇంగ్లాండు వెళ్లెను. వాంటేజ్ పట్టణపు సన్యాసినులు ఆమెను చేరదీసిరి. వారి శాఖ యొకటి లండనులోని ఫుల్హామ్ నందుండెను. పతితులని లోకము త్రోసివేసిన స్త్రీలను అచ్చటి సహోదరీలు ప్రేమతో ఆదరించుట చూచి, దీనికి కారణమేమని ఆమె అడిగెను. ఒక సహోదరి యోహాను సువార్త నాలుగవ అధ్యాయము తెరచి, సమరయ స్త్రీ వృత్తాంతము చదివి వినిపించెను. రమాబాయి ప్రశ్న సిద్ధాంతమును గూర్చినది కాదు, ఆ స్త్రీలను గూర్చినది. నేటికిని సంఘమును అడుగదగిన ప్రశ్న యిది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 29న ఆమె బాప్తిస్మము పొందెను. అయితే వినికిడి నానాటికి తగ్గుచుండుటచే వైద్యురాలు కావలెనను ఆశ విడువవలసి వచ్చెను.

అమెరికాలో ఆమె 1887లో ప్రచురించిన గ్రంథము హిందూ స్త్రీల స్థితిని అచ్చటివారికి తెలిపెను. ఆ సహాయముతో 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువులకై శారదా సదన్ తెరచి, మరుసటి సంవత్సరము పూనాకు మార్చెను. మతబోధ చేయబోనని ఆమె మాట యిచ్చియుండెను. కాని ఆమె ప్రార్థించుకొను గది తలుపు తెరచియుండుటచే బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. 1893లో గొప్ప అలజడి రేగి, సలహాసంఘపు పెద్దలు తప్పుకొనిరి. పాతికమంది వరకు బాలికలను సంరక్షకులు తీసికొనిపోయిరి. ఒకనాడు బిరుదులతో పొగడిన లోకమే ఇప్పుడు నిందించెను. ఆ తలుపును మాత్రము ఆమె మూయలేదు.

1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. తిరుపతి అడవిని మరువని ఆమె స్వయముగా వెళ్లి, దిక్కులేని బాలికలను వందలకొలది తీసికొనివచ్చి, పూనా సమీపమందలి కేడ్‌గాఁవ్ వద్ద ముక్తి సదనమున చేర్చెను. 1900లో గుజరాత్ కరవుతో వారి సంఖ్య 1,500 దాటెను. నేతపని, వ్యవసాయము, పశుపోషణ, వంట, అచ్చుపని – చేతనైన పని ప్రతివారికి నేర్పబడెను. అంధులకును అచ్చట చోటుండెను.

ఇంత పని తలపై నుండగా ఆమె మరియొక భారమెత్తుకొనెను. అప్పటి మరాఠీ బైబిలు భాష పల్లె స్త్రీకి కఠినముగా తోచుచుండెను. నడివయస్సులో హెబ్రీ, గ్రీకు భాషలు అభ్యసించి, మూలము నుండి వాక్యమును సులభమైన మరాఠీలోనికి మార్చుటకు పూనుకొనెను. సంస్కృతము నాలుకపై నాడుచున్న పండితురాలికి గంభీరమైన సమాసమును వ్రాయుట సుళువు. దానిని కొట్టివేసి, పొలములో కలుపుతీయు స్త్రీ మాట వ్రాయుటయే కష్టము. ఆమె యెన్నుకొన్నది రెండవ పని. పదిహేనేండ్లకు పైగా అది సాగెను. ఒకప్పుడు ఓనమాలు తెలియని ముక్తి స్త్రీలే అచ్చు అక్షరములు కూర్చిరి. ఆ అనువాదము మరాఠీ సంఘములలో విరివిగా వాడుకలోనికి రాలేదన్నది నిజమే. దానినిబట్టి ఆ శ్రమ వ్యర్థమనువారితో నేను ఏకీభవింపను. పంచభక్ష్యములు వండగలిగియు, పసిబిడ్డకు గంజి కాచి త్రాగించు తల్లి సమయమును వ్యర్థపరచినదందుమా?

1921లో కుడిభుజముగా నుండిన కుమార్తె మనోరమ చనిపోయెను. ఆరోగ్యము క్షీణించినను రమాబాయి అచ్చుప్రతులు దిద్దుట మానలేదు. ఆ పని ముగించిన కొలదికాలమునకే, 1922 ఏప్రిల్ 5న, కేడ్‌గాఁవ్ నందు నిద్రించెను. ఆమె చూడని సంపూర్ణ బైబిలు ప్రతి 1924లో ముక్తి ముద్రణాలయము నుండి వెలువడెను.