దేవుణ్ణి నమ్మింది, పనినీ నమ్మింది: తరిగొండ వెంగమాంబ

పది మంది ఆడవాళ్లం కలిసి భజన పెట్టుకుంటే మొదటివారం తాళం కుదురుతుంది, రెండోవారం గొంతులు కలుస్తాయి, మూడోవారానికి మాటామాటా వస్తుంది. హారతి ఎవరివ్వాలి, ప్రసాదం ఎవరింటి నుంచి రావాలి, చందా డబ్బులు ఎవరి దగ్గరుండాలి... ఇవేగా మన తగువులు! మా నెక్కొండలో మా వాడకట్టు భజన కూడా ఒకసారి ఇట్లాగే రెండు ముక్కలయింది. భర్త పోయిన ఒకావిడ హారతి పళ్లెం పట్టుకోబోతే వద్దన్నారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ వెనకే నలుగురు లేచి వెళ్లిపోయారు. అంతా ఆ దేవుడే చూసుకుంటాడని కొందరు ఊరుకున్నారు. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చాల్సిందేనని కొందరు పట్టుబట్టారు. కొన్ని నెలలు తాళాలు గూట్లోనే ఉండిపోయాయి.

ఆ రోజుల్లోనే నాకు తరిగొండ వెంగమాంబ గుర్తొచ్చింది. తిరుమలలో ఆమె పేరుతో ఉన్న భోజనశాలలో మనలో చాలామందిమి తిన్నవాళ్లమే. మా ఊరి స్టేషను మీదుగానే తిరుపతి రైళ్లు పోతుంటాయి. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేస్తాం గానీ ఆ తల్లి ఎవరో, ఎన్ని తగువుల మధ్య బతికిందో ఎందరికి తెలుసు?

వెంగమాంబ 1730లో పుట్టింది. ఊరు తరిగొండ. పాత చిత్తూరు జిల్లాలో గుర్రంకొండ దగ్గరుంటుంది. ఊరి పేరుకి ఒక ముచ్చట చెబుతారు. ఎవరో ఇల్లాలు మజ్జిగ తరుస్తుంటే కవ్వానికి కుండలో ఏదో అడ్డం పడిందట. చూస్తే నరసింహస్వామి! తరికుండే తరిగొండ అయిందంటారు. ఆ స్వామికే అక్కడ గుడి. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమ్మ. నందవరీక బ్రాహ్మణ కుటుంబం. అప్పటి ఆచారం ప్రకారం వెంగమాంబకు చిన్నప్పుడే పెళ్లి చేశారు. చిన్నప్పుడే భర్త పోయాడు.

ఆ కాలంలో ఆ కులంలో భర్త పోయిన పిల్లకు ఏం రాసిపెట్టి ఉండేదో మనకు తెలియంది కాదు. జుట్టు తీయించాలి, పసుపుకుంకాలు మానాలి, శుభకార్యాల్లో నలుగురికీ ఎదురుపడకూడదు. వెంగమాంబ ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడని, ఆయనకు చావు లేదు గనుక తనకు వైధవ్యమూ లేదని నమ్మింది. తల తీయించుకోలేదు, బొట్టు చెరుపుకోలేదు. ఊరు ఊరంతా భగ్గుమంది. తిట్టినవాళ్లు నాస్తికులేం కాదు, పొద్దునే లేచి అదే గుడికి వెళ్లి అదే స్వామికి దణ్ణం పెట్టుకునేవాళ్లే. ఈ గొడవ భక్తులకూ భక్తురాలికీ మధ్య వచ్చిన గొడవ.

ఒక పీఠాధిపతి దగ్గర పంచాయితీ పెట్టి ఆమెను ఆయన ముందు నిలబెట్టారని, ఆమె ఖాళీ పీఠానికి నమస్కారం పెడితే అది మండిపోయిందని జనం కథగా చెప్పుకుంటారు. బలవంతాన జుట్టు తీయిస్తే ఏట్లో మునిగి లేచేసరికి మళ్లీ వచ్చేసిందనీ అంటారు. ఈ మహిమల్ని నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు మానేస్తారు. నాకు మటుకు వాటికంటే, ఆ గొడవ నడుస్తున్నప్పుడు ఆమె చేసుకున్న పనులే పెద్దవిగా కనిపిస్తాయి.

ఆమె ముందు గురువును వెతుక్కుంది. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దగ్గర ఉపదేశం పొంది యోగం నేర్చుకుంది. తర్వాత కలం పట్టింది. తాను బడిలో కూచుని చదువుకున్నదాన్ని కానని కావ్యాల్లో వినయంగా చెప్పుకున్న ఆ మనిషే తరిగొండ నరసింహ శతకం రాసింది, యక్షగానాలు రాసింది, రాజయోగసారం రాసింది. రాజయోగసారం ద్విపదలో ఉంటుంది. ద్విపద అంటే ఆడవాళ్లు కూడా నోటికి పట్టి పాడుకోగలిగే సులువైన ఛందస్సు. విష్ణుభక్తురాలై ఉండి శివనాటకమూ రాసింది. నువ్వు యోగానికి పనికిరావన్న ఊళ్లోనే కూచుని యోగం మీద పుస్తకం రాయడం కంటే గట్టి జవాబు ఏముంటుంది?

అయినా తరిగొండలో ఆమెకు నిలవనీడ లేకపోయింది. గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూచుని ధ్యానం చేసుకుంటుంటే పూజారి చూసి అవమానించి బయటికి పంపాడని చెబుతారు. ఆమె ఆ గడప పట్టుకుని వేలాడలేదు. ఊరు విడిచి తిరుమల కొండెక్కింది. దీన్ని ఓడిపోయి పారిపోవడం అనొచ్చా? నేననను. దేవుణ్ణి వదల్లేదు, తన పట్టూ వదల్లేదు. వదిలింది చోటునే.

కొండ మీదైనా సుఖపడిందా అంటే, లేదు. అప్పటి తిరుమలను మనం చూసే తిరుమల అనుకోకూడదు. రైలు లేదు, బస్సు లేదు. చుట్టూ అడవి. గుడి ఆదాయం మొదట ఆర్కాటు నవాబు ఏలుబడిలో, 1801 నుంచి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. గుడిలో వైఖానస అర్చకులకు వాళ్ల హక్కులున్నాయి, జియ్యంగార్లకు వాళ్ల హక్కులున్నాయి, తాళ్లపాక వారికి వాళ్ల మర్యాదలున్నాయి. వీటి మధ్యకి మగదిక్కు లేని ఒక ఆడమనిషి బొట్టు పెట్టుకుని వచ్చి పాటలు పాడతానంటే సులువుగా ఒప్పుకుంటారా? అన్నమయ్య వంశం వారు ఆదరించి ఉండటానికి చోటిచ్చారంటారు. ఆమె ఒక తులసితోట వేసుకుంది. పక్కింటి అర్చకుడొకరు ఎంగిలి విస్తళ్లు ఆ తోటలోకి విసిరేవారని చెప్పుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. ఆమె కోపం పట్టలేక శాపం పెట్టిందని చెప్పే కథలూ ఉన్నాయి. ఉంటే ఉండనీయండి. భక్తురాలైనంత మాత్రాన కోపం రాకుండా పోతుందా? ఆ కోపంలోనే ఆమె ఉండిపోలేదు, అదీ సంగతి.

మళ్లీ చోటు మార్చింది. ఈసారి వెళ్లింది తుంబురుకోనకు. ఇప్పుడు కూడా ఏడాదికొకసారి ఫాల్గుణ పౌర్ణమికి జనం గుంపులుగా నడిచి వెళ్లే అడవిలోయ అది. అక్కడ ఏళ్ల తరబడి ఒంటరిగా తపస్సు చేసుకుందంటారు. తిరిగి వచ్చింది. మనం పట్టించుకోవాల్సింది ఈ తిరిగి రావడాన్నే. తపస్సులో శాంతి దొరికితే అక్కడే ఉండిపోవచ్చు కదా! రాలేదు కాదు, వచ్చింది. తనను పొమ్మన్న మనుషుల మధ్యకే వచ్చింది.

వచ్చి ఏం చేసింది? యాత్రికుల ఆకలి చూసింది. రోజుల తరబడి నడిచి కొండెక్కినవాళ్లకు అక్కడ అన్నం పెట్టేదెవరు? నరసింహ జయంతికీ, బ్రహ్మోత్సవాలకూ వెంగమాంబ అన్నదానం మొదలుపెట్టింది. పది మందికి అన్నం వండిన ఇల్లాలికెవరికైనా తెలుసు, అన్నదానం అంటే నామస్మరణ ఒక్కటే సరిపోదు. బియ్యం రావాలి, కట్టెలు రావాలి, నీళ్లు మొయ్యాలి, లెక్క రాసుకోవాలి, ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పాలి. కొండ మీదికి ప్రతి గింజా కింది నుంచి మోసుకొచ్చుకోవాల్సిందే. ఆమె దాతల్ని కూడగట్టింది. 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో ఆమె సత్రానికి రాసిచ్చిన దానపత్రాలు ఉన్నాయంటే, ఆ పని ఎంత పద్ధతిగా నడిచిందో ఊహించుకోండి. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టే మనిషిని విధవ అనీ, బయటిది అనీ అనడానికి ఊళ్లో నోళ్లు ఎన్నాళ్లు లేస్తాయి?

ఇంకోపక్క రాత పని ఆగలేదు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, చెంచు నాటకం... మొత్తం పద్దెనిమిది దాకా రచనలు చెబుతారు. శ్రీనివాసుడి పెళ్లికథను జనానికి దగ్గర చేసిన తెలుగు పుస్తకాల్లో ఆ వేంకటాచల మాహాత్మ్యం ఒకటి.

చివరికి గుడితో రాజీ కుదిరిన తీరు చూడండి. స్వామే రాత్రిళ్లు ఆమె ఇంటికి వచ్చి కావ్యం వినేవాడని, పొద్దున గర్భగుడిలో ముత్యాలు కనపడేవని, అర్చకులు ఆమెను అనుమానించి తర్వాత నిజం తెలుసుకున్నారని కథ. కథ సంగతి అట్లా ఉంచి, కుదిరిన ఏర్పాటు మాత్రం ఇప్పటికీ కళ్లకు కనిపిస్తుంది. రాత్రి ఏకాంతసేవలో స్వామికి జోల తాళ్లపాక వారిది, ఆఖరి హారతి తరిగొండమ్మది. ముత్యాల హారతి అని దానికి పేరు. అర్చకుల పూజ అర్చకులదే, తాళ్లపాక వారి పాట తాళ్లపాక వారిదే. ఎవరి హక్కూ ఊడబెరకలేదు. వాటి పక్కన ఆమెకూ ఒక చోటు దొరికింది. పళ్లెం పట్టకూడదన్న చేతికే ఆ రోజు ఆఖరి హారతి దక్కింది!

1817లో వెంగమాంబ తిరుమలలోనే సమాధి అయింది. ఆ సమాధి ఇప్పటికీ కొండ మీదే ఉంది. 1985లో దేవస్థానం నిత్యాన్నదానం మొదలుపెట్టింది. 2011లో కట్టిన పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఆమెను తరిమినవాళ్ల పేర్లు మాత్రం మనలో ఎవరికీ గుర్తులేవు.

ఆమె బతుకులోంచి నేను ఏరుకున్నది ఒక్కటే. దేవుడి మీద భారం వేయడం అంటే చేతులు ముడుచుకుని కూచోవడం కాదు. ఆమె తన మనసును దేవుడికి అప్పజెప్పింది, చేతుల్ని మాత్రం పనికి అప్పజెప్పింది. బొట్టు విషయంలో ఒక్క మెట్టు దిగలేదు. ఇల్లు, ఊరు, తోట విషయంలో ఎన్ని మెట్లయినా దిగింది. దేన్ని పట్టుకోవాలో, దేన్ని వదలాలో తెలియకే కదా మనం చందా డబ్బుల దగ్గర బిగుసుకుపోయి, ఒక మనిషి కన్నీళ్ల దగ్గర చూసీచూడనట్టు ఊరుకునేది!

మా భజన సంగతి చెప్పి ముగిస్తాను. ఎవరం తప్పు, ఎవరం ఒప్పు అని తేల్చుకోవడం మానేశాం. పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, అందరి పేర్లూ వరుసగా రాసి, వారానికొకరు హారతి ఇవ్వాలని గోడకు అంటించాం. అందులో ఆవిడ పేరూ ఉంది. చందా లెక్క ఇద్దరి దగ్గర ఉండాలనుకున్నాం. ఇద్దరు ముగ్గురు ఇంకా రావడం లేదు. ఆవిడ వంతు వచ్చిన వారం కొందరు హారతి కళ్లకద్దుకోకుండానే వెళ్లిపోయారు. ఆవిడ ఏమీ అనలేదు. పళ్లెం కింద పెట్టి, కొంగు దోపుకుని, పులిహోర పంచడానికి లేచింది. వెళ్లబోతున్న వాళ్లకే ముందు పొట్లాలు అందించింది. ఇద్దరు తీసుకున్నారు. ఈ వారానికి ఇంత చాలు.