అలెగ్జాండర్ లూరియా

అలెగ్జాండర్ రొమానోవిచ్ లూరియా (జూలై 16, 1902 - ఆగష్టు 14, 1977) సుప్రసిద్ధ రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త, వైద్యుడు, మాస్కో విశ్వవిద్యాలయ ఆచార్యుడు. మెదడు దెబ్బతినడం వలన కలిగే వాగ్లోపాలను (అఫేసియా) విశ్లేషించి, పోయిన మాటను శిక్షణ ద్వారా తిరిగి రాబట్టే పద్ధతులను రూపొందించినవారిలో అగ్రగణ్యుడు. పక్షవాతం వచ్చినవారికి మాట పడిపోయిందని తెలుగునాట అంటారు. ఆ ఒక్క మాట క్రింద పరస్పర భిన్నమైన అనేక లోపాలు ఉన్నాయని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధమైన శిక్షణ అవసరమని ఈయన పరిశోధనలు తెలియజేశాయి.

బాల్యము, విద్యాభ్యాసము

లూరియా వోల్గా నదీతీరంలోని కజాన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి రోమన్ అల్బెర్తోవిచ్ పేరుపొందిన వైద్యుడు. తల్లి దంతవైద్యురాలు. 1921లో కజాన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1923లో మాస్కోలోని మనస్తత్వ శాస్త్ర సంస్థలో చేరాడు. 1924లో లెవ్ వైగాట్‌స్కీతో ఏర్పడిన పరిచయం ఈయన జీవితగతిని మార్చింది. భాష భావాన్ని తెలిపే సాధనం మాత్రమే కాక, ఆలోచనను తీర్చిదిద్దే సాధనం కూడా అన్న వైగాట్‌స్కీ సిద్ధాంతం లూరియా కృషికి పునాది అయింది.

1931, 1932 సంవత్సరాలలో మధ్య ఆసియాకు వెళ్ళి, చదువు మనిషి ఆలోచనారీతిని ఎట్లా మారుస్తుందో పరిశీలించాడు. ఆ పరిశోధన అక్కడి ప్రజలను కించపరచేదిగా ఉన్నదని అప్పట్లో విమర్శలు వచ్చాయి. దాని ఫలితాలు పుస్తకరూపంలో 1974లో గాని వెలువడలేదు. ఆ తరువాత లూరియా వైద్యవిద్య వైపు మళ్ళి, 1937లో వైద్య పట్టా పొంది, మాస్కోలోని నాడీ శస్త్రచికిత్సా సంస్థలో పనిచేశాడు.

యుద్ధకాలపు కృషి

1941లో జర్మనీ దండయాత్ర ప్రారంభమైన పిమ్మట, తలకు గాయాలైన సైనికుల కొరకు ఉరల్ ప్రాంతంలోని కిసెగాచ్‌లో నెలకొల్పిన ఆసుపత్రికి లూరియా నాయకత్వం వహించాడు. అక్కడికి వచ్చినవారిలో అధికులు యువకులు. గాయం మాన్పడంతో వైద్యం ముగిసేది కాదు. వారికి మాట, చదువు, వ్రాత మళ్ళీ నేర్పవలసి ఉండేది. ఆ అనుభవసారమే 1947, 1948లలో రష్యన్ భాషలో వెలువడిన రెండు గ్రంథాలు.

వాగ్లోపాల వర్గీకరణ

లూరియాకు పూర్వమే పాల్ బ్రోకా (1861), కార్ల్ వెర్నికీ (1874) మెదడులో వాక్కుకు సంబంధించిన స్థానాలను గుర్తించారు. ఏ ఒక్క స్థానమూ ఒంటరిగా మాటను పుట్టించదని, పలు భాగాలు కలసి పనిచేసినప్పుడే మాట వెలువడుతుందని లూరియా ప్రతిపాదించాడు. ఏ భాగం దెబ్బతిన్నదనే దానిని బట్టి లోపం మారుతుంది.

* కొందరికి బ, ప వంటి దగ్గరి ధ్వనుల తేడా చెవికి అందదు.
* కొందరికి నాలుకను, పెదవులను ఏ స్థితిలో ఉంచాలో తెలియదు.
* కొందరు విన్నది తిరిగి చెప్పగలరు, వస్తువుల పేర్లు చెప్పగలరు. కాని తమంతట తాము వాక్యం ప్రారంభించలేరు.
* కొందరికి విడి మాటలు అర్థమవుతాయి; కాని నాన్న తమ్ముడు, తమ్ముడి నాన్న అనే రెండింటికీ గల భేదం తెలియదు.

శిక్షణా విధానము

పాడైన దారిని వదలి, చెడని దారి గుండా అదే పనిని సాధించడం లూరియా పద్ధతిలోని కీలకం. నాలుక కదలిక మరచినవారు అద్దంలో పెదవుల ఆకృతిని చూస్తూ ధ్వనులు నేర్చుకొంటారు. వాక్యం ప్రారంభించలేనివారి ముందు ఖాళీ కాగితపు ముక్కలు వరుసగా ఉంచుతారు. రోగి ఒక్కొక్క ముక్కను వేలితో తాకుతూ ఒక్కొక్క మాట పలికి వాక్యం పూర్తిచేస్తాడు. క్రమంగా ఆ ముక్కల అవసరం తగ్గుతుంది.

అయితే ఈ శిక్షణ అందరికీ పూర్తి స్వస్థత ఇవ్వలేదు. 1943లో తలకు తూటా తగిలిన ఒక సైనికుడు అక్షరాలను గుర్తించలేకపోయేవాడు. ఒక్కొక్క అక్షరాన్ని తలచుకోక, చేయి ఎత్తకుండా వ్రాయవచ్చునని అతనికి తెలిసివచ్చింది. తాను వ్రాసినదానిని చదవడం కష్టమైనప్పటికీ సుమారు 25 సంవత్సరాల పాటు తన కథను వ్రాస్తూ 3000 పుటల వరకు పూర్తిచేశాడు. ఆ వ్రాతల ఆధారంగా లూరియా 1971లో ఒక పుస్తకం ప్రచురించాడు. అది ద మాన్ విత్ ఎ షాటర్డ్ వరల్డ్ అనే పేరుతో ఆంగ్లంలో వెలువడింది.

చివరి దశ, గుర్తింపు

1950ల ప్రారంభంలో సోవియట్ శాస్త్రరంగంలో పావ్లోవ్ సిద్ధాంతానికి మాత్రమే తావు దక్కిన కాలంలో లూరియా నాడీ శస్త్రచికిత్సా సంస్థను విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ సంవత్సరాలలో మానసిక ఎదుగుదల లోపించిన బాలలపై పరిశోధన చేసి, దశాబ్దం చివరలో తిరిగి తన రంగానికి చేరుకొన్నాడు. 1962లో మెదడు ఉన్నత క్రియలపై ప్రధాన గ్రంథం, 1973లో ద వర్కింగ్ బ్రెయిన్ వెలువడ్డాయి. 1968లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఈయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకొంది. రోగి జీవితాన్ని కథగా చెప్పే ఈయన రచనాశైలి ఆలివర్ శాక్స్‌ను ఎంతగానో ప్రభావితం చేసింది.

లూరియా 1977 ఆగష్టు 14న మాస్కోలో గుండెజబ్బుతో మరణించాడు. మాట పోయినంత మాత్రాన మనసు పోదన్న ఎరుకను వైద్యుల చికిత్సలో భాగం చేసినవారిలో ఈయన ఒకడు.