క్షీరనీర వివేకి హోమర్ స్మిత్

పాలను, నీటిని వేరుచేయగల నేర్పు హంసకు ఉన్నదని మన పూర్వకవులు వర్ణించారు. అటువంటి వివేకం గల అవయవం మన దేహంలోనే ఉన్నది. అదే మూత్రపిండం. రక్తంలోని ఏ పదార్థాన్ని నిలుపుకోవాలో, దేనిని విసర్జించాలో అది అనుక్షణం నిర్ణయిస్తూ ఉంటుంది. ఆ వివేకాన్ని జీవించి ఉన్న మనిషిలో, శస్త్రచికిత్సతో పని లేకుండా కొలిచి చూపిన శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు హోమర్ విలియం స్మిత్.

స్మిత్ 1895 జనవరి 2న అమెరికాలోని డెన్వర్ నగరంలో జన్మించారు. కొలరాడో కొండలలోని క్రిపిల్ క్రీక్ అనే బంగారు గనుల ఊరిలో ఆయన బాల్యం గడిచింది. 1921లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. 1928లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యులుగా చేరి, మూడు దశాబ్దాలకు పైగా అక్కడే పనిచేశారు.

మనిషి మూత్రపిండాన్ని గూర్చి తెలుసుకోవడానికి ఆయన మొదట చేపలను ఆశ్రయించారు. సముద్రజలంలోని లవణాల గాఢత చేప రక్తంలోని గాఢతకు సుమారు మూడింతలు. అట్టి నీటిలో చేప ఎండిపోక ఎట్లా జీవిస్తున్నది? చేప సముద్రజలాన్నే త్రాగుతుందని, మెగ్నీషియం, సల్ఫేట్ అయాన్లను మూత్రపిండాలు విసర్జించగా, అధికమైన సోడియం, క్లోరైడ్ అయాన్లు ప్రధానంగా మొప్పల ద్వారా వెలుపలికి పోతాయని 1930లో ఆయన వెల్లడించారు. ఆఫ్రికాలోని ఊపిరితిత్తుల చేపను కూడా ఆయన పరిశీలించారు. చెరువులు ఎండినప్పుడు ఈ చేప బురదలో దాగి, మూత్రవిసర్జన మాని, యూరియాను దేహంలోనే నిలువచేసుకొని, మరల నీరు వచ్చేవరకు నిద్రాణంగా ఉంటుంది. దాని పేరుతోనే 1932లో 'కమోంగో' అనే నవల రచించారు.

తరువాత ఆయన దృష్టి మనిషి వైపు మరలింది. మూత్రపిండం నిమిషానికి ఎంత ద్రవాన్ని వడపోస్తున్నదో తెలియాలంటే, వడపోతలో స్వేచ్ఛగా దిగి, నాళికలలో తిరిగి పీల్చబడని, అదనంగా చేరని పదార్థం కావాలి. డేలియా వంటి మొక్కల దుంపలలో లభించే ఇన్యులిన్ అందుకు తగినదని 1930ల మధ్యలో ఆయన బృందమూ, మరికొందరు పరిశోధకులూ నిరూపించారు. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఒక మిల్లీగ్రాము ఇన్యులిన్ ఉండి, నిమిషంలో 125 మిల్లీగ్రాములు మూత్రంలోకి వస్తే, ఆ నిమిషంలో 125 మిల్లీలీటర్లు వడపోతకు గురి అయినట్లే. ఈ లెక్కన రోజుకు వడపోత 180 లీటర్లు. వెలువడే మూత్రం మాత్రం సుమారు లీటరున్నర. మిగిలినదంతా నాళికల కణాలు తిరిగి రక్తానికి అప్పగిస్తున్నాయి.

ఈ కొలతల విలువ వైద్యరంగంలో స్పష్టమైంది. మూత్రపిండానికి రక్తప్రసరణ తగ్గితే రక్తపోటు పెరుగుతుందని 1934లో జంతువులలో తేలిన పిమ్మట, రక్తపోటు రోగులకు వ్యాధిగ్రస్తమని తోచిన ఒక మూత్రపిండాన్ని తొలగించే శస్త్రచికిత్సలు విస్తరించాయి. స్మిత్ అటువంటి వందలాది రోగుల వివరాలను సేకరించి పరిశీలించారు. సుమారు నాలుగోవంతు మందికే మేలు కలిగిందని 1956లో తెలియజేసి, తొందరపాటు తగదని హెచ్చరించారు. ఒకసారి తీసిన అవయవాన్ని తిరిగి తెచ్చి ఇవ్వలేము కదా!

నాళికల కణాలు సోడియంను ఎట్లా తరలిస్తాయన్న ప్రశ్నకు 1957లో మరొక దారి తెరుచుకున్నది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీత నాడులలో సోడియం పంపుగా పనిచేసే ఎంజైమును కనుగొన్నారు. మూత్రపిండ కణాలలోనూ అదే పంపు సోడియంను రక్తం వైపు నెడుతుంది; నీరు దాని వెంట నడుస్తుంది. ఆ పంపుకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. స్మిత్ జన్మించిన పదిరోజులకే ఆయన భీమవరంలో జన్మించడం విశేషం.

స్మిత్ 1951లో వెలువరించిన 'ది కిడ్నీ' వెయ్యికి పైగా పుటల ఉద్గ్రంథం. 1962 మార్చి 25న ఆయన కన్నుమూశారు. ఆయన పేరిట అమెరికా మూత్రపిండ వైద్యసంఘం పురస్కారాన్ని ప్రదానం చేస్తున్నది. ఊహను కొలతతో పరీక్షించాలి. కొలత చెప్పిన సత్యం నలుగురికి రుచించకపోయినా చాటాలి. సత్యాసత్యాలను వేరుచేసే ఆ హంసగుణమే స్మిత్ జీవితం విద్యార్థులకు అందించే సందేశం.