తునికి చెట్టుకు శాస్త్రనామం పెట్టిన డాక్టరు

రామగుండం: ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడి అడవి పల్లెల్లో తునికాకు కోత మొదలవుతుంది. కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. ఆ చెట్టుకు వృక్షశాస్త్రంలో ఉన్న పేరు డయోస్పైరోస్ మెలనోజైలాన్. నల్ల చేవ గలదని అర్థం. ఆ పేరు పెట్టినవారు విలియం రాక్స్‌బర్గ్.

1751లో స్కాట్లండులో పుట్టిన రాక్స్‌బర్గ్, ఎడింబరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రమూ నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చారు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నారు. ఏ మొక్క ఏ నేలలో మొలుస్తుంది, ఎప్పుడు పూస్తుంది, జనం దాన్ని దేనికి వాడతారు అన్నీ రాసుకునేవారు. లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా చేర్చేవారు. ఆ పేర్లు ఆయనకు చెప్పింది ఇక్కడి జనమే గదా! 1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకుపోయాయి. అయినా మళ్ళీ మొదలుపెట్టారు.

కొద్ది ఏళ్ళకే సర్కారు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. అన్నం లేక జనం చనిపోవడం చూసిన ఆయన, వాన తప్పి పంట పోయినా తిండి పెట్టగల కొబ్బరి, తాటి, ఈత, పనస చెట్లు విరివిగా నాటించాలని కంపెనీవారికి రాశారు.

1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి 1819 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. తునికి మొదటి సంపుటంలోనే ఉంది. అందులోని 300 బొమ్మలకు మూలాలు గీసినవారు స్థానిక చిత్రకారులు. వారి పేర్లు మాత్రం అచ్చు కాలేదు.

రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. భారతదేశపు మొక్కలపై ఆయన రాసిన పెద్ద గ్రంథం పూర్తిగా అచ్చయింది 1832లో.