బెంజమిను ఫ్రాంక్లిను: పనివానిని భాగస్వామిగా చేసిన యజమాని

మెఱుపు విద్యుత్తేయని తెలిపిన శాస్త్రజ్ఞుడుగను, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనముపై సంతకము చేసిన రాజనీతిజ్ఞుడుగను బెంజమిను ఫ్రాంక్లిను లోకప్రసిద్ధుడు. కాని ఆతనికి అన్నము పెట్టిన వృత్తి ముద్రణము. చిన్న అచ్చుకూటము పెట్టుకొని, దానిలో తొలి పనివానిని చేర్చుకొనిన నాటినుండి ఆతడు నడచిన తీరు, స్వంత వృత్తి సాగించు ప్రతివారును తెలిసికొనదగినది.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్మెడివాడు. కుమారుని పండ్రెండవ యేట, ఆతని అన్నయైన జేమ్సు అచ్చుకూటమున, ఇరువదియొక యేండ్లు వచ్చువఱకు పనిచేయునట్లు ఒడంబడిక వ్రాసి చేర్చెను. అన్న తమ్ముని తమ్మునిగా చూడక కొట్టుచుండెడివాడు. ఆ బాధ పడలేక ఫ్రాంక్లిను 1723లో పాఱిపోయి ఫిలడెల్ఫియా చేరి, కీమరు అను ముద్రాపకుని కొలువున కుదిరెను. పిమ్మట లండనులో పనిచేసి 1726లో తిరిగివచ్చెను. అంతట కీమరు ఎక్కువ జీతమిచ్చి ఆతని మరల పిలిచెను. పని తెలియని చౌక కూలీలకు నేర్పించుకొని, వారు నేర్చిన వెంటనే తన్ను తొలగించుటయే కీమరు ఉద్దేశమని ఫ్రాంక్లిను గ్రహించెను. అయినను వారికి పనిని దాపఱికము లేక నేర్పెను. కొట్టెడి యజమానిని, వాడుకొని విడిచెడి యజమానిని ఇట్లాతడు స్వయముగా చూచెను.

1728లో మెరిడిత్తు అను మిత్రునితో కలిసి స్వంత అచ్చుకూటము తెఱచెను. మెరిడిత్తు పనియందు నేర్పు చాలనివాడు, పైగా త్రాగుబోతు. 1730లో ఇరువురును విడిపోయిరి. ఇద్దఱు స్నేహితులు అప్పిచ్చి ఆదుకొనగా బాకీలు తీర్చి, ఫ్రాంక్లిను ఒంటరిగా వ్యాపారము వహించెను. కొన్న కాగితమును తానే తోపుడుబండిపై వీథుల వెంట కొట్టునకు తెచ్చుకొనెడివాడు.

అట్టి దినములలో ఆతడు విట్మార్షు అను కంపోజిటరును పనిలో పెట్టుకొనెను. ముక్కు మొగ మెఱుగనివానిని కాక, లండనులో తాను పనితనము చూచియున్నవానినే ఎన్నుకొనెను. విట్మార్షు శ్రద్ధగా పనిచేసెను. దివంగతుడైన ఆక్విలా రోజు అను కవి కుమారుని పని నేర్చుకొను శిష్యునిగా చేర్చుకొనెను.

నేర్పరి యెదిగినచో పోటీకి వచ్చునని భయపడు యజమానులు పలువురు. ఫ్రాంక్లిను వేఱు త్రోవ త్రొక్కెను. 1731లో విట్మార్షును దక్షిణ కరోలినాలోని చార్లెస్టనునకు పంపి, అచ్చుయంత్రమును, అక్షరములను తానే సమకూర్చెను. ఒడంబడిక ఆఱు సంవత్సరములు. ఖర్చులో మూడవ వంతు ఫ్రాంక్లినుది, లాభములో మూడవ వంతు ఫ్రాంక్లినుది. దుర్దృష్టవశమున విట్మార్షు 1733లో మరణించెను.

ఆతని స్థానమునకు వెళ్ళిన లూయీ తిమొతీ గ్రంథాలయ ప్రియులకు స్మరణీయుడు. 1731లో ఫ్రాంక్లిను, ఆతని మిత్రులు ఫిలడెల్ఫియాలో చందాదారుల గ్రంథాలయమును స్థాపించిరి. ఏబదిమంది సభ్యులు, ఒక్కొక్కరు తొలుత నలువది షిల్లింగులు, పిదప ఏటేట పది షిల్లింగులు ఇచ్చుటకు సమ్మతించిరి. దానికి 1732లో మొదటి గ్రంథపాలకుడు ఈ తిమొతీయే. చార్లెస్టనులో ఆతడు లెక్కలు సరిగా పంపలేకపోయెను. 1738లో ఆతడు మరణింపగా భార్య ఎలిజబెత్తు అచ్చుకూటమును నడపి, మూడు మాసముల కొకసారి తప్పక లెక్క లొప్పజెప్పి, తుదకు దానిని కొని కుమారున కిచ్చెను. హాలెండులో బాల్యమున ఆమె లెక్కలు నేర్చియుండెను. ఆడపిల్లలకు సంగీత నృత్యములకంటె లెక్కలు నేర్పుట మేలని ఫ్రాంక్లిను ఇందువలన తలంచెను.

ఆతని జీవితమున మచ్చ లేకపోలేదు. ఆతని యింట బానిసలుండిరి. ఆతని పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలు వెలువడెను. వార్ధక్యమున ఆ దోషము నెఱిగి, 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

1744లో పనివాడుగా వచ్చిన డేవిడ్ హాలును 1748లో భాగస్వామిగా చేసి, అచ్చుకూటమును ఆతనికి ఒప్పగించెను. ఆ భాగస్వామ్యము పదునెనిమిది సంవత్సరములు సాగెను. శాస్త్ర పరిశోధనకును దేశసేవకును ఫ్రాంక్లినునకు తీరిక లభించినది ఈ నమ్మకము వలననే.

1790 ఏప్రిలు 17న ఆతడు కన్నుమూసెను. బోస్టను, ఫిలడెల్ఫియా నగరములకు చెఱి 1000 పౌండ్లు మరణశాసనమున వ్రాసి, పని నేర్చిన యువ వృత్తికారులకు స్వంత కొట్టు పెట్టుకొనుటకు స్వల్పవడ్డీకి అప్పులిమ్మని నిర్దేశించెను. తనకు స్నేహితులు చేసిన ఉపకారమును తానెఱుగని తరములకు తీర్చుటయే ఆతని తుదికోరిక. పనివానిని పైకి తెచ్చినవాని వ్యాపారము తాను లేనినాడును నిలుచునని ఈ చరిత్ర తెలుపుచున్నది.