అడిగి సాధించిన గోదావరి ఆడపడుచు

రాజమహేంద్రవరం: ఆడపిల్లలు గడప దాటి చదువుకోవడమే అరుదైన రోజుల్లో రాజ్యాంగ సభలోను, ప్రణాళికా సంఘంలోను స్థానం సంపాదించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ గోదావరి తీరంలోనే జన్మించారు. స్వాతంత్ర్య సమరయోధురాలిగా ఆమె అందరికీ తెలుసు. అయితే కాదన్న వారి చేతనే ఔననిపించి బాధ్యతలు చేపట్టిన తీరు అంతగా ప్రచారంలోకి రాలేదు.

1909 జూలై 15న రాజమహేంద్రవరంలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించిన ఆమె బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదో ఏట వివాహం జరిపించారు. ఊహ తెలిశాక ఆ బంధం తనకు సమ్మతం కాదని భర్తకే నచ్చజెప్పి బయటకు వచ్చారు. తండ్రి అండగా నిలిచారు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ముస్లిం మహిళలు ఆయనను కలుసుకోవాలన్నది పన్నెండేళ్ల దుర్గాబాయి కోరిక. అయిదు వేల రూపాయల విరాళం ఇస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామని నిర్వాహకులు షరతు పెట్టారు. దేవదాసీల సాయంతోనే ఆ సొమ్ము సమకూర్చి సభ జరిపించారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని సాక్షాత్తు జవహర్‌లాల్ నెహ్రూనే నిలిపివేశారు. నిర్వాహకులు కంగారుపడినా, టికెట్ కొన్న తరువాతే ఆయనను లోపలికి పంపారు. నేడు టికెట్ అడిగిన కుర్రవాడికి ఏ గతి పడుతుందో పాఠకులకు తెలియనిది కాదు.

ఉప్పు సత్యాగ్రహంతో మొదలై 1930–33 మధ్య మూడు పర్యాయాలు జైలుకు వెళ్లారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవారు లేక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను అక్కడ చూశారు. లాయరు కావాలన్న సంకల్పం అక్కడే కలిగింది. కానీ చేతిలో మెట్రిక్ సైతం లేదు. ఆగిన చదువును తిరిగి పట్టి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయ మెట్రిక్ పరీక్ష నెగ్గారు.

ఆ తరువాతి ఘట్టం విశాఖపట్నంలో జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోగా, మహిళలకు హాస్టల్ లేనందున ప్రవేశం కుదరదన్నారు. అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. దుర్గాబాయి ఆయనతో వాదులాటకు దిగలేదు, తిరిగి ఇంటికీ పోలేదు. హాస్టల్ లేక చదువు మానిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే ముందుకు రావాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చిన వారితో కలిసి తానే హాస్టల్ ప్రారంభించి మళ్లీ ఉపకులపతిని కలిశారు. అభ్యంతరానికి కారణమే లేకుండాపోవడంతో ప్రవేశం లభించింది. రాజనీతిశాస్త్రంలో ఆనర్స్ పూర్తిచేసి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి హైకోర్టులో వాదించారు.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఆమె ఒక్కరే మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి ముసాయిదాలో పెట్టిన 35 ఏళ్ల కనీస వయసును 30కి తగ్గించాలన్న ఆమె సవరణ ఆమోదం పొందింది. అంతటి వ్యక్తి 1952 సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయారు. ఓటరు తీర్పు అటుంచితే, నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. 1953 జనవరిలో ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది.

అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు సాయం అందించేందుకు మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు ప్రత్యేకించారు. రాష్ట్రాల్లో ఏర్పడిన సలహా బోర్డులకూ మహిళలే అధ్యక్షులయ్యారు. చిక్కంతా కింది స్థాయిలో వచ్చింది. పల్లెల్లో గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, నర్సులు కావాలి. అర్హత గల స్త్రీలు దొరకరు. చదువు ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలను తక్కువ వ్యవధిలో పరీక్షలకు సిద్ధం చేసే సంక్షిప్త విద్యా కోర్సులను 1958లో బోర్డు ప్రారంభించింది. మద్రాసులో ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేస్తూ ఆమె నడిపిన తరగతుల నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. ఇంట్లో మొదలైన ఆ పద్ధతే దేశమంతటా పాకింది. మా దృష్టిలో ఆమె అన్ని పదవులకన్న ఈ కోర్సులే ఘనమైనవి. అధ్యక్ష పీఠం ఒక్కరిదే, ఉద్యోగాలు మాత్రం ఊరూరా వచ్చాయి.

1958లోనే జాతీయ మహిళా విద్యా కమిటీకి నాయకత్వం వహించారు. 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాలు కావాలని 1950వ దశకం నుంచీ ఆమె కోరుతూ వచ్చిన చట్టం 1984లో వచ్చింది. హాస్టల్ లేదని ఒకనాడు వెనక్కి పంపిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన కేంద్రానికి డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే పెట్టారు.